ముళ్లపంది మూర, కాకి మీటరు

అనగనగా ఒక అడవిలో, వెదురు కొండ మీద, నూకాలు అనే ముళ్లపంది ఉండేది. దాని పళ్లకు లొంగని వెదురు లేదు. అందుకు తగ్గ పొగరూ ఉండేది. దర్జీ పారేసిన మీటరు టేపులు రెండింటిని కాకి ఏరుకొచ్చి, "వదినా, ఇకమీదట అందరం వీటితోనే కొలుద్దాం," అంటే మూతి తిప్పుకుంది.

"మా తాతల నాటి మూర ఉండగా ఆ టేపు నాకెందుకే?"

కాకిపిల్ల కాకికి ముద్దు. ముళ్లపంది మూర ముళ్లపందికి ముద్దు.

ఒకనాడు కొండ కింద వాగు పొంగింది. నూకాలు పిల్లలు రెండూ వాగు నడుమ లంక మీద చిక్కుకుపోయాయి. కొండముచ్చు కొమ్మ మీంచి గెంతి లంక చేరింది. కానీ ఒళ్లంతా ముళ్లున్న పిల్లలను ఎత్తుకునేదెట్లా? వంతెన వేయాల్సిందే. కొండముచ్చు తన మూరతో దూరం కొలిచి కొండపైకి కేకేసింది: "పన్నెండు మూరల వెదురు పంపండి!"

నూకాలు తన చేత్తో పన్నెండు మూరలు కొలిచి, కరకరా కొరికి, కిందకు దొర్లించింది. బెత్తెడు చెయ్యి దానిది! ఆ వెదురు సగం దూరమైనా అందక నీళ్లలో కొట్టుకుపోయింది.

"జరగండి, నేను కొలుస్తా," అని ఎలుగుబంటి వచ్చింది. దాని పన్నెండు మూరలు మరీ పొడుగు. ఆ వెదురు దారి మలుపులో బండల మధ్య ఇరుక్కుపోయింది.

"అమ్మా! నీళ్లు కాళ్ల దాకా వచ్చేశాయే!" కింద పిల్లల ఏడుపు.

నూకాలు పొగరంతా దిగిపోయింది. "కాకమ్మా, నీ టేపు ఇవ్వు తల్లీ," అంది.

కాకి ఒక టేపు దానికిచ్చి, రెండోది కొండముచ్చుకు చేరవేసి వచ్చింది. కింద నుంచి కేక వినిపించింది: "ఐదు మీటర్లు!"

నూకాలు బావురుమంది. "పన్నెండే చాలలేదే! ఐదు ఏ మూలకు?"

"అంకె చూసి హడలిపోకు వదినా," అంది కాకి. "నూరు గింజలుంటే ఒక కంకి. నూరు సెంటీమీటర్లుంటే ఒక మీటరు. కంకి ఒకటే కదా అని గింజలు తగ్గుతాయా? నీ మూర చిన్నది, మీటరు పెద్దది. అందుకే అంకె తగ్గింది. కొరుకు!"

నూకాలు కొరికింది. ఎలుగుబంటి మోసుకెళ్లి వేసింది. ఒక చివర గట్టు మీద, ఒక చివర లంక మీద, లావాటి వెదురు చక్కగా కూర్చుంది! పిల్లలు బుడిబుడి అడుగులతో దాటొచ్చాయి. ముళ్లు గుచ్చుకుంటున్నా నూకాలు పిల్లలను హత్తుకుని వదల్లేదు. అడవంతా కేరింతలు కొట్టింది.

మర్నాడు నూకాలే పిల్లను నిలబెట్టి టేపు పెట్టింది. "ముప్పై సెంటీమీటర్లు!" ఎలుగుబంటి కొలిచింది. ముప్పై. కొండముచ్చు కొలిచింది. ముప్పై.

"చూశారా!" అని నూకాలు ముళ్లన్నీ విప్పి గర్వంగా అరిచింది. "ఎవరు కొలిచినా నా బిడ్డ ముప్పైయే!"

నీతి: ఎవరి మూర వారిదే అంటే పని చెడుతుంది, అందరి కొలతా ఒకటైతే వాగైనా దాటవచ్చు.