గవ్వ పడిన ముంత

ఒక విద్యాపీఠంలో పరీక్ష నెగ్గిన శిష్యుడి ముంతలో గురువు గవ్వ వేసేవాడు. ఆ ఏడు గురువు అనంతభట్టు, పరీక్ష నెగ్గిన తిప్పన గవ్వను పొరపాటున పక్క ముంతలో వేశాడు. తప్పు తెలిసినా, "పడింది పడినట్టే" అని తిప్పనను ఇంటికి పంపేశాడు.

కొత్త ముంతలకు కబురు పెడితే, తిప్పన సంగతి విన్న కుమ్మరి సిద్ధమ్మ వచ్చింది.

"ఎట్లాంటివి కావాలి అయ్యవారూ?"

"మూతికి సన్నటి చీలిక పెట్టు. పడింది బయటికి రాకూడదు."

"చెయ్యి తప్పితేనో?"

"నా చెయ్యా? చెప్పింది చెయ్యవే!"

సిద్ధమ్మ మచ్చుకో ముంత చేసి తెచ్చి, "గవ్వ లేదు, మీ ఉంగరం జార్చి చూడండి" అంది. రాజుగారిచ్చిన ఉంగరం లోపల పడింది. బోర్లించినా రాలేదు.

"పగలగొట్టవే!"

"రాకూడదన్నారుగా? ఉంగరానికో న్యాయం, తిప్పన చదువుకో న్యాయమా?"

అనంతభట్టు తల వాలిపోయింది. "మూతి వెడల్పు చెయ్యమ్మా" అన్నాడు.

ఉంగరం అడగలేదు. ఆ బోసి వేలితోనే వెళ్లి తిప్పన గుమ్మంలో చేతులు జోడించాడు.