దేవుడు పిలుచుకున్న గుడ్లు

అనగనగా ఒక అడవిలో... ఆగండర్రా, అప్పుడే సింహం అనకండి. ఈ అడవిలో సింహమూ లేదు, రాజూ లేడు. ఒక చర్చి ఉంది. తాటాకు కప్పు, మట్టి గోడలు, వెనకాల ఒక చిన్న గది. ఆదివారం వచ్చిందంటే చాలు, కుందేళ్లు, ఉడతలు, పిట్టలు అన్నీ ఒళ్లు దులుపుకుని మరీ వచ్చి కూర్చునేవి.

ఆ చర్చికి అయ్యగారు, అంటే పాస్టరు, ఒక ముంగిస. పేరు జెకర్యా. అబ్బో, ఆయన పాట అందుకుంటే చెట్ల మీది కోతులు గోక్కోవడం కూడా మానేసేవి! పాటొక్కటే కాదు. అంతకుముందు ఆ అడవిలో ఒక తాచుపాము ఉండేది. నేల మీద గూడు కట్టుకునే పిట్టల గుడ్లన్నీ మింగేసేది. దాన్ని చంపింది ఈ ముంగిసే. కోతలు కాదు, నిజంగానే చంపాడు. ఒళ్లంతా గాయాలయ్యాయి కూడా. అందుకే అడవంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

"మేతకు వెళ్లేటప్పుడు గుడ్లు నా దగ్గర పెట్టి వెళ్లండమ్మా. వెనక గదిలో భద్రంగా చూసుకుంటాను," అన్నాడు అయ్యగారు. తల్లులంతా వందనాలు చెప్పుకున్నారు. ఆ గదిలోకి తను తప్ప ఇంకెవరూ రాకూడదని కూడా అన్నాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మీరైతే అడిగేవారా? ఏమో, నాకు నమ్మకం లేదు.

సువార్తమ్మ అని ఒక కౌజుపిట్ట ఉండేది. మనిషి గుప్పెడంత, గొంతు అంతకన్నా చిన్నది. తొలి కాన్పులో నాలుగు గుడ్లు పెట్టింది. రోజూ పొద్దున్నే వాటిని అయ్యగారికి అప్పగించి మేతకు పోయేది. ఒక సాయంత్రం వచ్చేసరికి మూడే ఉన్నాయి.

"అయ్యగారూ, ఇంకొకటి ఏదండీ?"

"దేవుడు పిలుచుకున్నాడమ్మా," అన్నాడు ముంగిస కళ్లు మూసుకుని.

దేవుడు పిలిస్తే కాదంటామా? సువార్తమ్మ ఏడ్చుకుంటూ ఇంటికెళ్లింది. కొన్నాళ్లకే ఇంకొకటి పోయింది. దాన్నీ దేవుడే పిలుచుకున్నాడట.

ఆ తర్వాత ఒకరోజు మేత దగ్గర వాన పట్టుకుంటే సువార్తమ్మ తొందరగా వచ్చేసింది. వెనక గది తలుపు సందులోంచి తొంగి చూసింది. అయ్యగారు గోడవైపు తిరిగి కూర్చుని ఏదో చప్పరిస్తున్నాడు. కాళ్ల దగ్గర గుడ్డు పెంకులు. తన రెండు గుడ్లూ మూలన అలాగే ఉన్నాయి. మరి ఆ పెంకులు ఎవరివో!

"ఎవరదీ?" అని ముంగిస గిరుక్కున తిరిగాడు. మీసాల నిండా పచ్చసొన.

"మీసాలకు అదేంటండీ అయ్యగారూ?"

"నూనె తల్లీ. ప్రార్థన చేసే నూనె."

"మరి పెంకులు?"

"పాతవి. ఊడుస్తున్నాను," అని ఎంత మెత్తగా నవ్వాడని!

సువార్తమ్మ తన రెండు గుడ్లూ తీసుకుని ఇంటికొచ్చేసింది. బుర్రంతా తికమక. నూనె కూడా పచ్చగానే ఉంటుంది కదా? అయినా నూనెను ఎవరైనా చప్పరిస్తారా? పాముతో పోరాడినాయన గుడ్లు తింటాడా? నా కళ్లే మసకబారాయేమో! పొదుగుతూ కూర్చుంటే ఆకలి, లేచి వెళ్తే భయం. పక్క పొదల్లో తల్లులేమో ఎప్పటిలాగే గుడ్లు చర్చికి మోసుకెళ్తున్నారు. చెప్పాలా, వద్దా?

ఆఖరికి సంఘపెద్ద దగ్గరకు వెళ్లింది. ఆయనొక ముసలి తాబేలు, పేరు ఏసోబు. చూసిందంతా చెప్పింది. వింటూ వింటూనే తాబేలు తల డిప్పలోకి లాగేసుకున్నాడు.

"పెద్దయ్యా, వింటున్నారా?"

"వింటున్నాను," అని లోపలి నుంచి మాట వచ్చింది. "పామును చంపినాయన మీద ఇలాంటి మాటా? ఆయన లేకపోతే మనమేమైపోతాం? ప్రార్థన చేసుకో అమ్మా."

అక్కడి నుంచి అడవికోడి రాహేలమ్మ దగ్గరకు వెళ్లింది. స్త్రీల సమాజానికి ఆవిడే పెద్ద. సగం చెప్పిందో లేదో, రాహేలమ్మ రెక్కలు టపటపా కొట్టింది.

"నోర్ముయ్! మన గుట్టు మనమే బయట పెట్టుకుంటామా? నక్కలు వింటే నవ్వుతాయి! నీ గుడ్లను దేవుడే పిలుచుకున్నాడు. అంతే! ఇంకేం మాట్లాడకు!"

అరుస్తున్నది రాహేలమ్మే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నదీ రాహేలమ్మకే. ఎందుకో సువార్తమ్మకు ఏమీ అర్థం కాలేదు. తిట్టించుకున్నది తను, ఏడవాల్సింది తను కదా!

ఇక మూడోసారి సువార్తమ్మ ఎక్కడికీ వెళ్లలేదు. అయ్యగారే పొద దగ్గరకు వచ్చాడు.

"సైతాను నీ కళ్లను మోసం చేసింది తల్లీ. గుడ్లు రేపు తెచ్చి అప్పగించు. లేదంటే ఆదివారం నుంచి సంఘంలో నీకు చోటు లేదు," అని అంతే మెత్తగా చెప్పి వెళ్లిపోయాడు.

పాపం సువార్తమ్మ! గుడ్లిస్తే బిడ్డలు దక్కరు. ఇవ్వకపోతే వెలి. అయినా ఇవ్వలేదు. ఆదివారం రెండు గుడ్లూ కడుపు కిందే ఉంచుకుని చర్చిలో ఒక మూలన కూర్చుంది.

సాక్ష్యాల వేళ అయింది. సాక్ష్యమంటే తెలుసుగా? లేచి నిలబడి, దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని చెప్పడం. అందరూ "స్తోత్రం!" అనాలి. కుందేలు లేచి కాలిలో ముల్లు ఊడొచ్చిందంది. "స్తోత్రం!" ఉడత లేచి దగ్గు తగ్గిందంది. "స్తోత్రం!" అప్పుడు సువార్తమ్మ లేచింది.

"నా గుడ్లు రెండు పోయాయండీ. దేవుడు పిలుచుకున్నాడని అయ్యగారు చెప్పారు. కానీ అయ్యగారి మీసాలకు సొన ఉండడం నా కళ్లతో చూశాను."

"స్తోత్రం!" అన్నారందరూ.

అలవాటు మరి! అనేశాక తెరిచిన నోళ్లు మూతపడలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమంది? మనమేమన్నాం? సువార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"స్తోత్రం కాదండీ," అంది. "నేను చూసింది తప్పయితే తప్పని చూపించండి. నాకూ అదే కావాలి. ఒక్కసారి ఆ గది తలుపు తీయండి."

"దేవుని సేవకుణ్ణి నిలదీస్తావా!" అని ముంగిస మొదటిసారి గట్టిగా అరిచాడు. తాబేలు తల లోపలికి పోయింది.

అప్పుడు రాహేలమ్మ లేచింది. ఇక తనను బయటకు గెంటేస్తారనే అనుకుంది సువార్తమ్మ.

"పోయినేడు నా గుడ్లు కూడా పోయాయి," అంది రాహేలమ్మ. "దేవుడు పిలుచుకున్నాడనే అనుకున్నాను. అలా అనుకోకపోతే నేను బతకలేను కదే, సువార్తమ్మా! అందుకే నిన్ను నోరు మూసుకోమన్నాను. పెద్దయ్యా, తల బయట పెట్టు. ఆ తలుపు తియ్యి."

తీశారు. గడ్డి కింద పెంకులు కుప్పగా ఉన్నాయి. తెల్లవి, చుక్కలవి, లేత గోధుమరంగువి. రాహేలమ్మ ఒక పెంకు ముందు అలాగే కూలబడిపోయింది.

తాబేలు గొంతు సవరించుకున్నాడు. "ఎందుకొచ్చిన గొడవ! మంచివారని చెప్పి అయ్యగారిని వాగు అవతలి అడవికి పంపేద్దాం. మన పరువూ దక్కుతుంది."

"అక్కడి పిట్టలు గుడ్లు పెట్టవా పెద్దయ్యా?" అంది సువార్తమ్మ.

తాబేలుకు తల మళ్లీ లోపలికి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. "పెడతాయమ్మా," అన్నాడు. "పంపను. ఆ అడవికీ జరిగింది జరిగినట్టు నేనే వెళ్లి చెప్పి వస్తాను. ఇక మీదట ఎవరు ఏం కాపలా కాసినా, మరో ఇద్దరు వెళ్లి చూసి వస్తుంటారు. నేను కాసినా అంతే." ఆ గదికి తలుపే పీకేశారు. ముంగిసను అయ్యగారి పీట మీద నుంచి దించేశారు.

ముంగిస సువార్తమ్మ ముందు మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. దొంగ ఏడుపా, నిజం ఏడుపా? నన్నడగకండి. సువార్తమ్మకే తెలియలేదు.

"ఇంకో పాము వస్తే ఏం చేస్తారమ్మా?" అన్నాడు.

"కేకేస్తాం. మీరూ రండి. అందరం చూస్తుండగా చంపండి."

"నన్ను క్షమించవా?"

సువార్తమ్మ రెండు గుడ్లనూ కడుపు కిందకు ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

"క్షమించానండీ," అంది. "కానీ గుడ్లు మాత్రం మీకివ్వను."

నీతి: కాపాడేవాణ్ణి కూడా అడగాలి, చూడాలి. క్షమించడం వేరు, మళ్లీ కాపలా అప్పగించడం వేరు.