లిడియాను బతికించిన ఇల్లు

అనగనగా ఏడు సముద్రాల అవతల, ఎండ పొడ కోసం జనం ఎదురుచూసే ఒక చలిదేశం. ఆ దేశాన్ని విక్టోరియా రాణి ఏలుతున్న రోజుల్లో, లండన్ నగరంలో ఆంబ్రోస్ వెల్బీ అనే నవలా రచయిత ఉండేవాడు. వారం వారం పత్రికలో ఆయన కథ వచ్చేది. చదువు వచ్చినవాడు పైకి చదివితే, రానివాళ్లు చుట్టూ చేరి వినేవాళ్లు.

వెల్బీ కలం ఎంత పదునైనదో, మనసు అంత మెత్తనిది. జైలు నుంచి విడుదలై, పోవడానికి చోటు లేని ఆడవాళ్ల కోసం ఊరి చివర ఒక ఇల్లు ఏర్పాటు చేశాడు. కిటికీలకు పసుపుపచ్చ తెరలు తనే ఎంచి కట్టించాడు. రొట్టెలు కాల్చడం, కుట్టుపని, చదువు నేర్పించాడు. ప్రతి మంగళవారం వెళ్లి అందరి మంచిచెడ్డలు కనుక్కునేవాడు.

ఆ ఇంట్లో టాబితా అనే ఆవిడ ఉండేది. చలికి ఓర్చుకోలేక ఒక శాలువా దొంగిలించి, ఏడాది జైల్లో గడిపింది. నలభయ్యేళ్ల వయసులో ఈ ఇంట్లోనే అక్షరాలు దిద్దింది. కూడబలుక్కుంటూ, కూడబలుక్కుంటూ వెల్బీ నవలలు మూడూ చదివేసింది.

ఒక మంగళవారం ఆమె ఆయన్ని నిలేసింది.

“అయ్యగారూ, మీ మొదటి నవలలో తప్పు చేసిన పిల్ల ఏట్లో పడి చచ్చిపోయింది. రెండోదాంట్లో మంచులో పోయింది. మూడోదాంట్లో జ్వరంతో పోయింది. ఒక్కరు కూడా బతకరేం?”

వెల్బీ నవ్వాడు. “చదివేవాళ్ల గుండె కరగాలి కదమ్మా!”

“మమ్మల్ని ఇక్కడ బతికిస్తున్నారు. పుస్తకంలో చంపుతున్నారు. రెంటిలో మీరు నమ్మేది ఏది?”

వెల్బీకి కోపం వచ్చింది. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి మంగళవారం వచ్చేసరికి, గేటు దగ్గర సూకీ అనే పడుచు మూట పట్టుకుని నిలబడి ఉంది. టాబితా ఆమె చెయ్యి వదలడం లేదు.

“ఏమైంది తల్లీ?” అన్నాడు వెల్బీ.

“పత్రికలో ఇప్పుడొస్తున్న మీ కొత్త కథలో, జైలు నుంచి వచ్చిన లిడియా వంతెన ఎక్కింది. వచ్చే వారం దూకేస్తుంది. ఇంత తెలిసిన మీరే మాకు వేరే దారి లేదని రాస్తుంటే, నేను రొట్టెలు నేర్చుకుని ఏం చేయను?”

లిడియా దూకే అధ్యాయం వెల్బీ కోటు జేబులోనే ఉంది. గబగబా వంటగదిలోకి నడిచి, ఆ కాగితాలు పొయ్యిలో పెట్టాడు.

“ఒక్క వారం ఆగు సూకీ,” అన్నాడు. తర్వాత టాబితా ఎదుట కూర్చున్నాడు. “నువ్వు చెప్పు. జైలు గుమ్మం దాటిన రోజు నీకేమనిపించింది?”

“ముందు చేతులు కడుక్కున్నానయ్యా. తర్వాత ఆకలేసింది. చావాలని అనిపించలేదు. వేడివేడిగా ఏమైనా తినాలనిపించింది.”

వెల్బీ అదే రాశాడు. లిడియా వంతెన దిగింది. ఆకలితో నడిచి నడిచి, ఒక రొట్టెల అంగడి తలుపు తట్టి పని అడిగింది.

పత్రిక యజమాని తల పట్టుకున్నాడు. “వెల్బీగారూ, జనానికి కన్నీళ్లు కావాలి! ఇదెవరు చదువుతారు?”

“నా కళ్లతో చూసిందే రాశాను. వేస్తే ఇదే వేయండి, లేదా నా పేరు తీసేయండి.”

యజమాని గొణుక్కుంటూనే అచ్చు వేశాడు.

మొదటి వారం తిడుతూ ఉత్తరాలు వచ్చాయి. రెండో వారం, బట్టలుతికే ఒక ముసలమ్మ వీధిలో ఆయన్ని ఆపి, తడిచేతులతోనే దండం పెట్టింది. మూడో వారం, జైల్లో ఆడవాళ్లు పత్రిక కావాలని అడుగుతున్నారంటూ అక్కడి అధికారిణి కబురు పంపింది.

చివరి అధ్యాయం వచ్చిన రోజు ఆ ఇంటికి ఇరుగుపొరుగు కూడా వచ్చారు. టాబితా నిటారుగా నిలబడి, ఎక్కడా తడబడకుండా చదివింది. సూకీ పిండి అంటిన చేతులతో ముందు వరసలో కూర్చుంది. అప్పటికి ఆమె కాల్చే రొట్టెల రుచి వీధి వీధంతటికీ తెలుసు.

చదవడం అయ్యాక పొరుగింటాయన అడిగాడు. “ఇంతకీ ఈ లిడియా నిజంగా ఎక్కడైనా ఉందా?”

టాబితా తలెత్తి చూసింది. “ఉంది బాబూ. ఈ ఇంట్లోనే పదకొండు మందిమి ఉన్నాం.”

వెనక నిలబడి విన్న వెల్బీకి, తాను రాసిన ఏ వాక్యమూ అంత గొప్పగా తోచలేదు.

పడినవారిని లేపే చెయ్యి గొప్పది. వారు నిలబడగలరని లోకానికి చెప్పే మాట ఇంకా గొప్పది.