ఎలుగుల గుట్టకు వెళ్లిన కోట

జీడివాగు దాటితే మోదుగచెట్ల కింద ఉడుత వరాలమ్మ కొట్టు ఉండేది. అందులో దొరికే సరుకు ఒక్కటే, పిల్లలు ఆడుకుని వదిలేసిన ఇటుకల బొమ్మలు. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కున అతుక్కునే రంగురంగుల చిట్టి ఇటుకలవి. వాటితో కోట కట్టొచ్చు, పడవ కట్టొచ్చు, విప్పేసి మళ్లీ ఇంకేదైనా కట్టొచ్చు. పిల్లలు పెద్దవాళ్లై తిండి వెతుక్కునే పనిలో పడ్డాక ఆ ఇటుకలు బొరియల్లో, పొదల్లో మట్టికొట్టుకుని పడుండేవి. వరాలమ్మ ఇల్లిల్లూ తిరిగి వాటిని అడిగి తెచ్చుకునేది. బదులుగా గుప్పెడు వేరుశనక్కాయలో, ఎండు రేగుపళ్లో ఇచ్చేది. తెచ్చినవాటిని బాగుచేసి, దూరాన బొమ్మల్లేని పిల్లలకి పంపించేది.

కడిగే పని నీటికుక్క ముత్యాలుది. ఎండకి గోరువెచ్చబడ్డ మడుగులో ఇటుకలు నానబోసి, కుంకుడుకాయ నురగతో ఒక్కొక్కటీ రుద్దేది. సందుల్లో ఇరుక్కున్న మట్టిని ఈతపుల్లతో గీకి తీసేది. రంగు వెలిసిపోతుందని ఎండలో ఆరబెట్టనిచ్చేది కాదు. మోయడం ఎద్దు గంగులు పని. ఎంత దూరమైనా, ఎంత ఎత్తైనా మూట వీపున వేసుకుని తాపీగా నడిచిపోయేవాడు. ముగ్గురికీ చేతినిండా పని, సాయంత్రానికి కడుపునిండా తిండి. అంతకంటే పెద్ద ఆశలు వాళ్లకి లేవు.

వాగుకి ఇవతల నక్క జంబులయ్య ఉండేవాడు. వరాలమ్మ కొట్టు బాగా నడవడం చూసి తనూ అదే వ్యాపారం పెట్టాడు. దొరికిన ఇటుకలన్నీ కడక్కుండా, చూడకుండా గోనెల్లో కూరి అమ్మాడు. ఒక గోనెలో పడవ తెరచాప, ఇంకో గోనెలో దాని అడుగు. కొన్నవాళ్లు తిట్టి తిరగ్గొట్టారు. ఆ చెత్తంతా అతని బొరియ ముందు కుప్పగా పడి ఉంది.

వానలు మొదలైన రోజుల్లో ఎలుగుల గుట్ట నుంచి ఎలుగు గౌరమ్మ వరాలమ్మ కొట్టుకి వచ్చి చతికిలబడింది.

"మా గుండుగాడు తేనెపట్టుకోసం చెట్టెక్కి పడ్డాడమ్మా వరాలూ. కాలు విరిగింది. వెదురుబద్దలు కట్టాం. వానాకాలమంతా కదలకూడదంట. పొద్దస్తమానం గుహ గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. తిండి కూడా సరిగ్గా తినట్లేదు."

"అయ్యో! వాడికేమిష్టం వదినా?"

"కోటలంటే పడిచస్తాడు. పెద్ద కోట ఉంటే పంపించు. కుండెడు తేనె ఇస్తా."

"తేనె సంగతి తర్వాత. ముందు పిల్లాడు ఇటు తిరగాలి కదా. నువ్వెళ్లు, నేను పంపిస్తా" అంది వరాలమ్మ.

కుందేళ్ల ఇంట్లో ఒక పాత ఎర్రకోట ఉందని వరాలమ్మకి తెలుసు. వెంటనే వెళ్లి తెచ్చింది. ముత్యాలు దాన్ని కడిగింది. నీడలో మోదుగాకుల మీద ఆరబోసింది. ఆరాక వరాలమ్మ కోటంతా ఒకసారి కట్టి చూసింది. కట్టి చూస్తే తప్ప ఏది తగ్గిందో తెలీదని ఆమె నమ్మకం. బురుజులు సరిపోయాయి. గోడలు సరిపోయాయి. ద్వారం దగ్గరికొచ్చేసరికి రెండు తలుపుల్లో ఒకటి లేదు.

"ఎర్ర తలుపు మన దగ్గర ఇంకోటి లేదక్కా. పచ్చది ఉంది, సరిగ్గా పడుతుంది" అంది ముత్యాలు.

"అదే వెయ్యి. ఒక తలుపు పచ్చదని గౌరమ్మ వదినకి చెప్పి ఇద్దాం."

చెట్టుచాటు నుంచి ఇదంతా చూస్తున్న జంబులయ్య నవ్వుకుంటూ ముందుకొచ్చాడు.

"చెప్పడమెందుకక్కా? గుహలో చీకటి. ఎరుపేదో పచ్చేదో ఆ ఎలుగమ్మకేం కనిపిస్తుంది?"

"కనిపించకపోతే మాత్రం? తెలిసింది చెప్పకపోతే నాకు ముద్ద దిగదు" అని వరాలమ్మ కోటని విప్పడం మొదలుపెట్టింది.

అడుగువరస ఇటుకలన్నీ ఒక ఆకుపొట్లం. దానిమీద గోడలు ఇంకో పొట్లం. బురుజులు వేరు, ద్వారం వేరు. ముందు విప్పాల్సిన పొట్లానికి ఒక ముడి, తర్వాతదానికి రెండు. ఎంత చిన్నపిల్లాడైనా ముడులు చూసుకుంటూ కట్టేసుకోవచ్చు. పొట్లాలన్నీ గోనెలో సర్ది, సందుల్లో ఎండుగడ్డి కూరి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు రాలేదు. అప్పుడు మూతి కుట్టింది.

తీరా బయల్దేరదామంటే గంగులు కాలు నేలకి ఆన్చలేకపోయాడు. గిట్టలో తుమ్మముల్లు దిగి పాదం వాచిపోయింది.

"కుంటుకుంటూ అయినా పోతాలే వరాలూ" అన్నాడు గంగులు.

"వద్దు మామా. గుట్ట ఎక్కేటప్పుడు నువ్వు పడితే నిన్నెవరు మోస్తారు?"

జంబులయ్య ఇదే అదనుగా దగ్గరికి జరిగాడు. "నేనుండగా దిగులెందుకక్కా? పొద్దుగూకేలోగా ఇచ్చేసి, తేనె తెచ్చి నీ చేతిలో పెడతా. పిల్లాడు పాపం ఎదురుచూస్తుంటాడు."

ముత్యాలు వరాలమ్మ తోక పట్టి లాగింది. వరాలమ్మ పట్టించుకోలేదు. నక్క మొహంలోకి కాసేపు చూసి అడిగింది.

"గంగులు మామ చేసే పనంతా చేస్తావా? సగంలో వదిలేసి రాకూడదు."

"ఎద్దు చేసే పని నేను చెయ్యలేనా! నా తోక మీద ఒట్టు."

"మామ చేసే పని మొత్తం."

"మొత్తం చేస్తానన్నానుగా!"

"అయితే తీసుకెళ్లు. ఒక తలుపు పచ్చదని చెప్పడం మర్చిపోకు."

నక్క మూట ఎత్తుకుని వెళ్లగానే ముత్యాలు నెత్తి కొట్టుకుంది. "నీకేమైంది వరాలక్కా? వాడి చేతికా ఇచ్చావు? ఆ కోట గుట్ట ఎక్కుతుందా?"

"వాడు బుద్ధిగా ఇచ్చాడనుకో, పిల్లాడికి ఇవాళే కోట అందుతుంది. ఇవ్వలేదనుకో..." వరాలమ్మ నవ్వింది. "గంగులు మామ చేసే పనేమిటో వాడు అడగలేదు. గమనించావా?"

గంగులు నెమరు వేయడం ఆపి కళ్లు చికిలించి నవ్వాడు.

ముత్యాలు అనుమానం నిజమే. జంబులయ్య తిన్నగా తన బొరియకే పోయాడు. కోట మూటని లోపల దాచాడు. అంత మంచి సరుకు సంతలో పెడితే బలిసిన కోడిపుంజు వస్తుందని అతని లెక్క. బొరియ ముందున్న చెత్తకుప్పలోంచి ఇటుకల్ని వేరే గోనెలో ఎత్తిపోసి, మూతి వరాలమ్మ కుట్టినట్టే కుట్టి, ఈలవేసుకుంటూ గుట్ట ఎక్కాడు. అక్కడ తేనె, ఇక్కడ కోడి. ఒక్క రోజులో రెండూ దొరకడం తల్చుకుని దారంతా అతనికి నోరూరింది.

గుహలో గుండుగాడు కట్టుకట్టిన కాలు చాపుకుని గోడవైపు పడుకుని ఉన్నాడు. మూట చూడగానే ఇటు తిరిగాడు. కొడుకు తిరిగినందుకే గౌరమ్మ మొహం వికసించింది.

"ఇదిగో వదినా, నీ కోట. తేనె ఇప్పిస్తే పోయొస్తా" అన్నాడు జంబులయ్య.

"కూర్చో తమ్ముడూ, తొందరేముంది? కట్టి చూపించు."

"కట్టడమా? నేనా?"

"ఆఁ. మా గుట్టమీద ఎవరింటికి బొమ్మ తెచ్చినా గంగులన్న పక్కన కూర్చుని, పిల్లలతో మొత్తం కట్టించి, ఆఖరి ఇటుక పడ్డాకే లేస్తాడు. ఏదైనా తగ్గితే తన ఎదురుగానే తెలియాలంటాడు. ఆయన బదులు నువ్వొచ్చావు కదా. ఆయన పని మొత్తం చేస్తానని ఒప్పుకునే వచ్చుంటావు."

తోక మీద పెట్టిన ఒట్టు నక్కకి గుర్తొచ్చింది. గుహ ద్వారం వైపు చూశాడు. గౌరమ్మ అక్కడే, ద్వారానికి అడ్డంగా, హాయిగా కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది.

చేసేదిలేక గోనె విప్పాడు. ఇటుకలన్నీ గలగలా నేలమీద దొర్లాయి. పొట్లాల్లేవు, ముడుల్లేవు. నక్క ఒక ఇటుక మీద ఇంకోటి పెట్టి నొక్కాడు. మట్టి అడ్డొచ్చి అతుక్కోలేదు. నోటితో ఊది, తోకతో తుడిచి, మళ్లీ నొక్కాడు. ఎలాగో ఒక గోడ లేచింది. ఇంకో ఇటుక కోసం కుప్పలో చెయ్యి పెడితే చక్రం వచ్చింది.

"అమ్మా, కోటకి చక్రాలుంటాయా?" అన్నాడు గుండుగాడు.

"ఇది కొత్తరకం కోట బాబూ. శత్రువులొస్తే కోటతో సహా పారిపోవచ్చు."

"మరి తలుపేదీ?"

"తలుపు లేకపోతే దొంగలు రాలేరు కదా!"

"రాజుగారు కూడా రాలేడు కదా!" అని గుండుగాడు పకపకా నవ్వాడు. అంతలో గోడ నక్క ముక్కుమీద కూలింది. గుండుగాడు కాలి నొప్పి మర్చిపోయి పొట్టపట్టుకుని నవ్వాడు. కాలు విరిగిన రోజు నుంచి ఆ గుహలో నవ్వు వినపడటం అదే మొదలు.

గౌరమ్మ మాత్రం నవ్వలేదు. ఒక ఇటుక తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ముత్యాలు కడిగిన సరుకైతే కుంకుడుకాయ వాసన రావాలి. దీనికి నీ వాసన వస్తోందేం జంబులయ్యా?"

"దారిలో... మూట మారిపోయినట్టుంది వదినా."

"అలాగా. పద, వెతుకుదాం. నేనూ వస్తా."

నక్క ముందు, ఎలుగు వెనక. నక్క పొదలు చూపించాడు, రాళ్లు చూపించాడు, వాగు చూపించాడు. గౌరమ్మ గాలిలోకి ముక్కెత్తి కుంకుడుకాయ వాసన పట్టుకుని నడిచింది. నడిచి నడిచి నక్క బొరియ ముందు ఆగింది.

"నీ బొరియలోకి నా ఒళ్లు పట్టదు. నువ్వే తెచ్చిపెట్టు. రెండో దారిన పోదామనుకునేవు, గుట్టమీద ఎలుగులందరం నీ వాసన పట్టుకుని వస్తాం" అంది నెమ్మదిగా.

జంబులయ్య మూట తెచ్చాడు. అంత బరువూ మోసుకుని మళ్లీ గుట్ట ఎక్కాడు. గౌరమ్మ చెయ్యి వెయ్యలేదు.

ఈసారి గుండుగాడే కట్టాడు. ఒక్క ముడి పొట్లం, రెండు ముడుల పొట్లం అని వాడు అడగడం, నక్క అందివ్వడం. ఇటుకలు టక్కు టక్కుమని అతుక్కున్నాయి. ద్వారం దగ్గరికి రాగానే నక్క గొంతు సవరించుకున్నాడు.

"వదినా... ఒక తలుపు పచ్చది. ఎర్రది దొరకలేదంట. వరాలక్క చెప్పమంది." తిట్టు పడుతుందని చెవులు వాల్చాడు.

"చెప్పి పంపింది చూడు, అదీ వరాలంటే!" అని గౌరమ్మ మురిసిపోయింది.

"పచ్చ తలుపు రాజుగారిది. ఎర్ర తలుపు నాది" అన్నాడు గుండుగాడు. ఆ సాయంత్రం వాడు కోట పక్కనే కూర్చుని, అడిగి మరీ రెండోసారి పెట్టించుకు తిన్నాడు.

అంతలో పట్టిన వాన వెలిశాక గౌరమ్మ కుండనిండా తేనె పోసి, ఆకుతో మూతికట్టి, జంబులయ్య నెత్తిన పెట్టింది. తనూ వెంట వచ్చింది. దారిపొడుగునా తేనె వాసన నక్క ముక్కులోకి కొడుతూనే ఉంది. నాలుక చాపే వీల్లేదు.

కొట్టు దగ్గర వరాలమ్మ కుండ దించుకుంది. గంగులుకి ముందుగా పోసింది, తర్వాత ముత్యాలుకి. జంబులయ్య గుటకలు మింగుతూ నిలబడ్డాడు.

"మరి నా కూలి అక్కా?"

"గంగులు మామ పని మొత్తం చేశావా?"

"చేశాను. పిల్లాడితో ఆఖరి ఇటుకదాకా కట్టించాను. ఎలుగు వదిన దగ్గరుండి చేయించింది."

"చేయించినవాళ్లే కదా కూలివ్వాలి. అడుగు మరి."

జంబులయ్య వెనక్కి తిరిగి చూశాడు. గౌరమ్మ పళ్లు కనపడేలా నవ్వింది. అతనికి ఒక్కసారిగా ఆకలి పోయింది. తోక ముడుచుకుని వాగుదాటి వెళ్లిపోయాడు.

ఈ సంగతి గుట్ట మీంచి వాగుదాకా పాకింది. ఆ తర్వాత సంతలో జంబులయ్య ఏ సరుకు తెచ్చినా, ఎంత తియ్యగా పొగిడినా, అడవి అడవంతా ఒకటే మాట అనేది: "కూర్చో జంబులయ్యా, కట్టి చూపించు."

నీతి: నమ్మి ఇచ్చిన మూటను మార్చేవాడు ఆ ఒక్క మూటతోనే నలుగురిలో తన మాట విలువ పోగొట్టుకుంటాడు.