తులసమ్మకు చెప్పిన థాంక్స్

“ఆడదానికి థాంక్స్ చెబితే నోరు అరిగిపోతుందా టీచర్?”

హైమ ఆ మాట గుమ్మంలో నిలబడే అడిగింది, చెప్పులైనా విప్పకుండా. చీరాలలో ఒక బట్టల కొట్టు మేడగదిలో కృపామణి టీచర్ ఆడవాళ్ళకి ఇంగ్లీషు చెబుతుంది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో చేసి రిటైరైన మనిషి. హైమ ఆమె దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి తనే పాఠాలు అప్పజెప్పించుకుంటోంది.

హైమ కోపమంతా ఝాన్సీ మీద. మూడు నెలలుగా రోజూ గంట ఎక్కువ కూర్చుని ఆమెకి నేర్పింది. ఝాన్సీ కూతురు ఏడిస్తే ఒళ్ళో వేసుకుని మరీ నేర్పింది. రేపు పొద్దున ఝాన్సీకి ఒక ఆస్పత్రి రిసెప్షన్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మిల్లు మూతపడి మొగుడు ఇంట్లో కూర్చున్నాడు, ఆ ఇంటికి ఈ ఉద్యోగమే దిక్కు. అలాంటిది ఇవాళ పొద్దున, గది తాళం తీసిన కొట్టు గుమస్తా రంగారావుకి ఝాన్సీ వంగి వంగి, “థాంక్యూ సో మచ్ సర్, ఐ యామ్ వెరీ గ్రేట్‌ఫుల్ సర్” అంది. తాళం తియ్యడం ఆయన పని. పాఠం అయ్యాక మూడు నెలలు నేర్పిన హైమతో మాత్రం “వస్తానే” అని మెట్లు దిగింది. అంతే.

హైమ ఊరుకోలేక వెంటపడి అడిగేసింది. ఝాన్సీ నవ్వేసింది.

“ఆయనకి చెప్పకపోతే మళ్ళీ తలుపు తియ్యడే. నువ్వు ఎలాగూ నేర్పుతావుగా!”

“అయితే సాయంత్రం ఇంటర్వ్యూ ప్రాక్టీసుకి ఆయన్నే ప్రశ్నలడగమను. నేను రాను” అని హైమ మళ్ళీ మేడెక్కింది.

కృపామణి టీచర్‌కి వాదించే అలవాటు లేదు. కూర్చోమంది. గది ఊడ్చి టీ కాచే తులసమ్మ రెండు గ్లాసులు తెచ్చింది. హైమ చెయ్యి చాపి అందుకుంది. మొహం టీచర్ వైపే ఉంది, నోరు ఆగలేదు. తులసమ్మ వెళ్ళిపోయింది.

“టీ బాగుందా?” అంది టీచర్.

“బాగుంది.”

“ఆ మాటేదో పెట్టిన మనిషికి చెప్పి రా. ఇప్పుడే వెళ్ళు, ఆగితే మరిచిపోతాం. నేను ఇన్నాళ్ళూ మరిచిపోయాను.”

హైమ గ్లాసు పక్కన పెట్టి లేచింది. వరండాలో తులసమ్మ గిన్నెలు తోముతోంది. నాలుగేళ్ళుగా రోజూ కనిపించే మనిషి, ఏమని పిలవాలో తోచలేదు. ఇన్నాళ్ళూ “ఇదిగో”తోనే గడిచిపోయింది.

“తులసమ్మగారూ, మీకు చాలా థాంక్స్ అండీ. మాకోసం రోజూ ఇంత చేస్తున్నారు.”

తులసమ్మ చేతిలో గిన్నె జారింది. లేచి నిలబడి తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

“ఏం తప్పు చేశానమ్మా? రేపట్నుంచి రావద్దా?”

“అయ్యో, అదేం మాట!”

“పొగాకు గోడౌన్లో పదహారేళ్ళు చేశానమ్మా. మేనేజరు ఒక్కసారే అన్నాడు ఆ ముక్క. ఇలాగే, పేరు చివర గారు తగిలించి మరీ. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు.”

ఆమెకి నచ్చజెప్పేసరికి హైమకి తాతలు దిగొచ్చారు. అయినా తులసమ్మ నమ్మీ నమ్మనట్టే, “టీచరమ్మని కూడా ఓసారి అడుగుతాలే” అని మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది.

తిరిగొచ్చిన హైమ కోపం చల్లారలేదు సరికదా, రెండింతలైంది. కాకపోతే ఇప్పుడది ఝాన్సీ ఒక్కదాని మీదే నిలవడం లేదు.

“పదహారేళ్ళ చాకిరీకి ఒక్క థాంక్స్, అదీ గెంటెయ్యడానికి! నేను నాలుగేళ్ళు తాగిన టీకి అదీ లేదు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి టీచర్?”

కృపామణి టీచర్ కిటికీలోంచి కిందికి చూసింది. ఝాన్సీ ఇంకా ఇంటికి పోలేదు. మెట్ల మీద కూర్చుని, పుస్తకం మూసి, తనలో తనే జవాబులు వల్లె వేసుకుంటోంది.

“రేపు ఆ ఆస్పత్రిలో ఝాన్సీని లోపలికి తీసుకెళ్ళేది ఎవరో ఒక ఆయా అయ్యుంటుంది” అంది టీచర్. “ఆవిడతో ఏమనాలో నువ్వింకా నేర్పలేదుగా.”