బంగారక్క గొంతుతో పిలిచింది

చనిపోయిన మనిషి పేరు మీద మీకో మెయిల్ వచ్చి, దానికో ఫైలు తగిలించి ఉంటే, తెరుస్తారా? వెంటనే తల అడ్డంగా ఊపినవాళ్ళను నేను నమ్మను. పోయిన మనిషి మీకేమీ కానప్పుడు అలా ఊపడం తేలిక. మీతో ఒకే పళ్ళెంలో తిన్న మనిషి పేరు అక్కడ కనబడితే ఏం చేస్తారో, అది చెప్పండి.

ముక్తవ్వను పద్మిని అడిగింది ఈ ప్రశ్నే. ముక్తవ్వ ధర్మవరం వైపు ఒక తోలుబొమ్మలాట మేళానికి గురువు. తెర వెనక కూర్చుని రాముడికీ రావణుడికీ, ఏడ్చే పసిబిడ్డకూ ఆమె ఒక్కతే గొంతిచ్చేది. పద్మిని ఆమె దగ్గర ఆట నేర్చుకున్న పిల్ల. పద్మినితో పాటు నేర్చుకున్న గిరిజ దసరాకు ముందు విషజ్వరంతో పోయింది. ఆటలో జనాన్ని నవ్వించే గయ్యాళి బొమ్మ బంగారక్కకు గొంతు గిరిజదే. రికార్డు చేద్దామని పద్మిని ఎప్పుడు పిలిచినా, నాకేం తొందర, నేనేమన్నా చస్తానా అని ఎగతాళి చేసేది. అలా ఆ గొంతు ఎక్కడా మిగల్లేదు.

ఆ మేళానికో కట్టుబాటు ఉంది. ఆటవాళ్ళలో ఎవరైనా పోతే వాళ్ళు ఆడించిన బొమ్మను తెల్లగుడ్డలో చుట్టి అటకెక్కిస్తారు. సంవత్సరీకం అయ్యేదాకా ఆ గొంతును మరెవరూ ఎత్తకూడదు. ఎత్తితే పోయినవాళ్ళు దారి మరిచి వెనక్కి తిరుగుతారని పెద్దలు చెప్పేవాళ్ళు. అందుకే ఆ ఏడు ఏ ఊళ్ళో ఆడినా బంగారక్క తెర మీదికి రాలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం పద్మిని కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. మేళం పెద్దల పాటలన్నీ ఏళ్ళ తరబడి రికార్డు చేసి ఆమె అందులోనే దాచింది. పాడినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. ఇంకో ప్రతి తీసి వేరేచోట పెట్టాలనుకుంటూనే ఉంది గానీ పెట్టలేదు. అప్పుడొచ్చింది ఆ మెయిల్, గిరిజ పేరుతో, గిరిజ అడ్రసు నుంచి. పద్దక్కా, నా బంగారక్క పాటలన్నీ ఇందులో పెట్టినాను, తెరువు, అని ఉంది. కింద ఒక ఫైలు. పద్మినిని పద్దక్కా అని పిలిచే మనిషి గిరిజ తప్ప భూమ్మీద ఇంకొకరు లేరు.

పద్మిని ముక్తవ్వ దగ్గరికి వెళ్ళి రెండు వైపులా తానే వాదించింది. అది మోసమైతే, తెరిచిన మరుక్షణం కంప్యూటర్‌లోని పాటలన్నీ ఇక ఎవరూ తీయలేనట్టు ముడిపడిపోవచ్చు, పెద్దలందరూ ఇంకోసారి చచ్చినట్టవుతుంది. నిజమైతే, గిరిజ బతికుండగా పంపింది ఎక్కడో చిక్కుకుని ఇప్పుడు చేరి ఉండొచ్చు, తెరవకపోతే ఆ గొంతు ఎప్పటికీ దొరకదు. తెరవనా వద్దా అవ్వా, అని అడిగింది. ముక్తవ్వ వక్క నములుతూ అంతా విన్నది. పెరట్లో ఆరేసిన తోళ్ళు తిరగేసి వస్తానని లేచి వెళ్ళిపోయింది.

పద్మిని మళ్ళీ వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. వీధిలో అలికిడి లేదు. ఎండకు కుక్కలు కూడా అరుగుల కింద దూరాయి. అంతలో వీధి తలుపు మీద వేళ్ళతో మెల్లగా తట్టిన చప్పుడైంది.

"ఏం మే పద్దక్కా, గడియేసుకొని కూచుండావు? మొగుణ్ణి గిన దాచిపెట్టినావా ఏంది? పాటలు తెచ్చినా. తెరువు మే."

అదే ముక్కుగొంతు. మాటకూ మాటకూ మధ్య గిరిజ నవ్వే ఆ చిన్న నవ్వు, చివర దగ్గులా తెగిపోయేది, అది కూడా ఉంది. పద్మిని భయపడిందంటారా, భయం తర్వాత. ముందు ఆలోచించింది. ఈ ఇంట్లో గానీ ఈ మేళంలో గానీ ఈ గొంతు ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు, ఎత్తకూడదు. కాబట్టి వచ్చింది గిరిజే. ఇందులో తప్పెక్కడుందో నన్నడిగితే నేనూ అప్పటికప్పుడు చెప్పలేను. చేతులు వాటంతటవే వెళ్ళి గడియ తీశాయి.

గుమ్మంలో ముక్తవ్వ నిలబడి ఉంది. తలుపు తెరుచుకున్నా ఆ గొంతు ఆగలేదు. వచ్చినా గదా, పక్కకు జరుగు, అని గిరిజలాగే అంటూ, పద్మిని ముఖం వైపు చూడకుండా, ఆమె భుజం మీదుగా లోపల వెలుగుతున్న కంప్యూటర్ వైపు చూస్తూ నేరుగా లోపలికి నడిచింది. కంప్యూటర్ పక్కన నిలబడ్డాక ఒకసారి దగ్గింది. అప్పుడు గాని ఆమె ముఖం మళ్ళీ ముక్తవ్వది కాలేదు.

పద్మిని అడిగింది, సంవత్సరీకం కాకుండా ఆ గొంతు ఎట్ల ఎత్తినావవ్వా అని.

"ఎత్తకూడదని నీకు తెలుసు, నాకు తెలుసు," అంది ముక్తవ్వ. "వీధిలో నిలబడి పిలిచేదానికి ఆ కట్టుబాటు తెలుసా?"

వారం వారం తెర వెనక లేని గొంతులు పుట్టించి ఊళ్ళకు ఊళ్ళను ఏడిపించే పద్మిని ఆ మాటతో ఫోను అందుకుంది. గిరిజ భర్త నాగోజీకి ఫోన్ చేసింది. తానేమీ పంపలేదని, గిరిజ ఫోను ఆమె పోయిన రోజు నుంచీ ట్రంకుపెట్టెలో ఆగిపోయి పడుందని అతను చెప్పాడు. ఎవరో గిరిజ మెయిల్లోకి దూరారని పద్మినికి అర్థమైంది. ఇద్దరూ పాత రోజుల్లో రాసుకున్నవన్నీ అక్కడే ఉన్నాయి, పద్దక్క అన్న పిలుపుతో సహా. దూరినవాళ్ళు తీరిగ్గా కూర్చుని అవన్నీ చదివి ఉంటారు. అదే నాగోజీకి చెప్పింది. అతను గొంతు తగ్గించి, "ఒక్కసారి తెరిచి చూడు వదినా, పాటేమో," అన్నాడు. పద్మిని కుదరదని చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు.

అప్పుడే కంప్యూటర్ మీద ఇంకో మెయిల్ వచ్చి పడింది. పద్దక్కా, ఇంట్లోనే ఉండావు గదా, తెరువు. పద్మిని దాన్ని పైకి చదివింది. చదువుతుంటే ఆ మాటలు తన నోట్లో గిరిజ గొంతుతోనే పలుకుతున్నాయని గ్రహించి మధ్యలో ఆపేసింది.

ముక్తవ్వ చాప మీద కూర్చుంది.

"పాటలు తెచ్చినానంటాంది గదా మే. వాకిట్లోనే నిలబడి పాడమను."

ఇద్దరూ కాసేపు చెవులు రిక్కించి కూర్చున్నారు. ఏ పాటా వినబడలేదు. పద్మిని ఏడుస్తూనే ఆ రెండు మెయిళ్ళనూ చెరిపేసింది.

ఇది వింటున్న మీ ఫోనులో అలాంటిది ఒకటి కాచుకుని ఉంటే, దాన్ని తాకకండి. ఇప్పుడే లేచి, మీకు ముందునుంచీ తెలిసిన నంబరుకు, ఆ పేరుగల మనిషిని మీరే పిలవండి. మనిషి లేకపోతే వాళ్ళ ఇంటివాళ్ళను పిలవండి. బదులు వచ్చేదాకా గడియ మీద చెయ్యి వెయ్యకండి.