బండెడు ఆకు, అయిదు డబ్బీలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళోకి అడుగు పెట్టినప్పుడు గవరయ్య అనేవాడి దగ్గర ఉన్నదల్లా ఒక బండెడు ఆకు. ఒకే ఒక్క బండెడు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అడుగుతాను.

ఏం ఆకంటావా పండూ? గంజాయి ఆకు. అలా నోరు తెరవకు, దోమ దూరుతుంది. నిన్న రాక్షసుడు ఏడుగురిని నమిలి మింగాడంటే కులాసాగా విన్నావు, ఆకు పేరు చెబితే ఉలికిపాటా? తెలిసి ఉండటమే మంచిది. తెలియకే కదా ఇవాళ మనింట్లో... సరే, ఆ సంగతి తర్వాత. అదిగో, మీ తాత అటు తిరిగి పడుకున్నాడు, నిద్రపోతున్నట్టు నటన. పడుకోనీ. నేను కొంచెం గట్టిగానే చెబుతాను. మీకు వినపడాలి కదా!

ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి.

ఆ ఊళ్ళో ఒక వింత అలవాటుండేది. ఇళ్ళల్లో దేనికైనా కొలత ఉసిరికాయే. పులుసులోకి చింతపండు ఎంత? ఉసిరికాయంత. ఒంటికి రాసే పసుపు ముద్ద ఎంత? ఉసిరికాయంత. వెన్న ఎంత, బెల్లం ఎంత, పసిబిడ్డకి మొదటి అన్నం ముద్ద ఎంత? ఉసిరికాయంత, ఉసిరికాయంత, ఉసిరికాయంత. కాపరానికొచ్చిన కోడలికి అత్తగారు మొదట నేర్పేది అదే.

ఏడాదికి ఒక్కసారి, కాముని పున్నమి నాడు, ఆ ఊరి పెద్దమగాళ్ళు భంగు తాగేవాళ్ళు. ఇంటి కోడలు ఆకు మెత్తగా నూరి, ఉసిరికాయంత ముద్ద చెంబుడు పాలల్లో కలిపి, మిరియాలూ బెల్లమూ వేసి ఇచ్చేది. ముసలాళ్ళు తాగి కాసేపు నవ్వేవాళ్ళు, కాసేపు ఏడ్చేవాళ్ళు, రాగం లేని పాటలు పాడి, అన్నం గుండిగ ఖాళీ చేసి పడుకునేవాళ్ళు. అది మంచి అలవాటని నేననను. మా మామగారికీ ఉండేది. ఆయన నవ్వి పడుకుంటే, మర్నాడు అంట్లు తోమింది నేను. కానీ తాగినవాడు తెల్లారి లేచేవాడు. అదొక్కటి ఒప్పుకోవాలి.

ఇక గవరయ్య. వాడు లెక్కల్లో దిట్ట. బండెడు ఆకు ఊరంతా తిప్పి అమ్మాలంటే ఎద్దులు అలిసిపోతాయి, ఆకు ఎండిపోతుంది, కొనేవాడు ఏడాదికి ఒక్కసారే కొంటాడు. అదే బండిని గుప్పిట్లో పట్టేలా చేస్తేనో? ఊరి బయట పాడుబడ్డ ఇంట్లో దూరి తలుపేసుకున్నాడు. ఓ నెలపాటు ఆ ఇంట్లోంచి ఒకటే కంపు. కుక్కలు కూడా ఆ దారిన పోవడం మానేశాయి. నెల పోయాక తలుపు తీసుకుని బయటికొచ్చాడు. బండీ లేదు, ఎద్దులూ లేవు. చేతిలో అయిదు డబ్బీలు. వీధి వీధికీ తిరిగి కేకలు.

పొడి కావాలా పొడి, పడుకుంటే పొద్దెక్కేదాకా లేపని పొడి!
ముద్ద కావాలా ముద్ద, మోకాళ్ళు మాట వినే ముద్ద!
మైనం కావాలా మైనం, మనసు బరువు దింపే మైనం!
పలుకు కావాలా పలుకు, పగటి దిగులు పారిపోయే పలుకు!
నూనె కావాలా నూనె, నాలుక్కి రాస్తే నలత పోయే నూనె, పసిబిడ్డలకి కూడా!

పసిబిడ్డలకట! విన్నారా? వాడి నోట్లో మన్ను పొయ్య! ఇన్నేళ్ళుగా చెబుతున్నాను ఈ కథ, ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్ళు మండుతూనే ఉంటుంది.

అయిదు పేర్లు, అయిదు రంగులు, అయిదు రోగాలు. మొక్క మాత్రం ఒకటే. ఆ మొక్క పూత మీద మంచు పడ్డట్టు సన్నటి నూగు ఉంటుంది. మత్తంతా దాదాపు అందులోనే. ఆ నూగు దులిపి పట్టింది పొడి. ఆ పొడిని అదిమి అదిమి చేసింది ముద్ద, పాత చింతపండులా నల్లగా ఉంటుంది. ఇక మిగతా మూడూ ఉన్నాయే, అవి ఇంకా ఘోరం. ఏవో ఘాటు ద్రవాలు పోసి మొక్కలోని సారమంతా లాగేసి, ఆ ద్రవాన్ని ఎగరగొట్టగా మిగిలినవి. మెత్తగా మిగిలితే మైనం, గాజుపెంకులా గట్టిపడితే పలుకు, జారిపోతూ ఉంటే నూనె. ఆ ద్రవం పూర్తిగా ఎగిరిందో, సగం అందులోనే ఉండిపోయిందో తినేవాడికేం తెలుసు? వాడు చెబుతాడా? వాడికే తెలియదు!

ఊ కొడుతున్నారా? కీర్తీ, నువ్వు కొట్టడం లేదు.

ఆ ఊళ్ళో సింహాద్రి అని ఒక పెద్దాయన. ఆయన పెళ్ళాం నరసమ్మ. కోడలు పైడమ్మ, చంకలో పాలు తాగే బిడ్డ. పైడమ్మ మొగుడు ఉప్పు బండ్లతో రేవుకి పోయాడు, అప్పుడు ఊళ్ళో లేడు. మామకి కోడలంటే ప్రాణం. అత్తకి మాత్రం పొడ గిట్టదు. కోడలు నవ్వితే ఎందుకు నవ్వావంటుంది, నవ్వకపోతే ఏం పోయిందని ఆ మొహం అంటుంది.

వీధిలోకి ఏ కొత్త సరుకొచ్చినా అందరికంటే ముందు కొనడం నరసమ్మకి సరదా. పొడి నలుగురు కొన్నారు, ముద్ద కొన్నది ఈవిడ ఒక్కతే. నూరే పని లేదట, పాలల్లో వేస్తే కరిగిపోతుందట. తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. పైడమ్మ తెలివైన పిల్ల కదా, వెంటనే కలిపెయ్యలేదు. గుమ్మంలోకి వచ్చి గవరయ్యని పిలిచి, అన్నా, ఇది ఎంత వెయ్యాలని అడిగింది.

వాడేమన్నాడో వినండి. "ఎప్పుడూ వేసేటంతే తల్లీ. అదే ఆకు కదా!"

అదే ఆకు కదా! ఆ ఒక్క మాట. ఆ మాట అన్నప్పుడు వాడికి తెలుసు పండూ. లెక్కల్లో దిట్టకి తెలియదంటే నేను నమ్మను.

కాముని పున్నమి నాడు పైడమ్మ ఉసిరికాయంత వేసింది. మామ తాగాడు. కాసేపు చూశాడు, నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ ఏడు ఇందులో పస లేదు, ఇంకో చెంబు తెమ్మన్నాడు. కడుపులోకి పోయిన మత్తు నెమ్మదిగా లేస్తుందని ఆయనకి తెలియదు, ఈ పిల్లకీ తెలియదు. ఇంకో చెంబు ఇచ్చింది. ఇంకో ఉసిరికాయ.

పొద్దువాలేసరికి లేచింది చూడండి! నా కాళ్ళు పొరుగూరు పోయాయి, ఎవరైనా వెళ్ళి తీసుకురండర్రా అని కేకలు. గుండె గుర్రంలా పరుగు. ఇంటి స్తంభాన్ని పట్టుకుని, అమ్మా నన్నొదలకే అని ఏడుపు. వాంతులు. ఆ తర్వాత చాప మీద కూలబడి, పిలిస్తే పలకడు, కదిపితే కదలడు. ఊపిరి ఒక్కటే ఆడుతోంది.

దెయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి తీసుకొచ్చారు. వాడు వేపమండలతో ఆ ముసలి ప్రాణాన్ని బాది బాది పెట్టాడు. దెయ్యం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఉన్నా, ఆ కొట్టుడు చూసి జాలిపడి ఉండేది.

దెయ్యం కాదని తేలాక మిగిలింది ఎవరు? కోడలు! కలిపింది ఆవిడే, ఇచ్చింది ఆవిడే, రెండో చెంబూ ఆవిడే. విషం పెట్టిందన్నారు. నరసమ్మ గుండెలు బాదుకుంటూ రాజుగారి దగ్గరికి పోయింది. ముద్ద కొన్నది తనేనన్న మాట ఒక్కటి మింగేసి, మిగతాదంతా చెప్పింది. రాజు గవరయ్యని పిలిపించాడు. వాడు చేతులు కట్టుకుని, అమాయకపు మొహం పెట్టి, ప్రభూ, ఆకు తాగి ఎవడైనా పడిపోతాడా, అయితే ఈ ఊళ్ళో ముసలాడనేవాడు మిగిలేవాడా, ఆ పిల్లే ఏదో కలిపిందన్నాడు.

రాజు తీర్పు చెప్పేశాడు. నీ తప్పు లేదని రేపు సభలో చూపించు, లేదంటే పుట్టింటికి పో, బిడ్డ మాత్రం తండ్రి వంశం వాడు, ఇక్కడే ఉంటాడన్నాడు.

పాలు తాగే బిడ్డ! రాజట, రాజు. కిరీటం ఉంటే సరిపోయిందా?

అలా కళ్ళు నలపకు కీర్తీ. పైడమ్మ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మర్నాడు సభకి వచ్చింది. చంకలో బిడ్డ, చేతుల్లో ఒకే కొలత చెంబులు రెండు. ఒక దాంట్లో పాలు, ఒక దాంట్లో కరిగిన నెయ్యి.

గవరయ్యా, ఈ చెంబులో ఏముందంది. పాలన్నాడు. తాగమంది. గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. ఈ రెండో దాంట్లో ఉన్నది ఎక్కడిదంది. పాలదే, పాలు తోడేస్తే పెరుగు, పెరుగు చిలికితే వెన్న, వెన్న కాస్తే నెయ్యి, ఆమాత్రం తెలీదా అన్నాడు. అయితే అదీ పాలే కదా, ఎప్పుడూ తాగేటంతే తాగు అన్నా, అంది.

సభంతా చూస్తోంది, తప్పుతుందా? ఒక గుక్క తాగాడు. రెండో గుక్కకి కళ్ళు తేలేశాడు. మూడో గుక్క లోపలికి పోనంది, బయటికీ రానంది. బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బిపోయాయి. సభంతా ఒకటే నవ్వు. రాజుగారూ నవ్వాడు. నవ్వి, అమ్మాయ్, నెయ్యి సంగతి మాకు తెలుసు, వీడి ముద్ద నెయ్యిలాంటిదేనని రుజువేదన్నాడు.

ఇప్పుడు చెప్పండి. గవరయ్య ఊళ్ళోకి వచ్చినప్పుడు వాడి దగ్గర ఏముంది? ఆఁ! బండెడు ఆకు. బంగారు తల్లులు!

పైడమ్మ అదే అడిగింది. అన్నా, బండెడు ఆకు తెచ్చావు, ఊరంతా చూశాం. ఆ పాడింట్లో వెతికితే ఎండు పుల్లలు తప్ప ఏమీ లేవు. ఆకంతా ఏమైంది? పాడైపోతే పారేశావా, పాపం?

పాపం అనేసరికి వాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. తెలివి ఉందనుకునేవాడి రోగమే అది, తన తెలివి నలుగురూ చూడాలి. నోట్లో నెయ్యి ఎలాగో మింగి, ఛాతీ విరుచుకుని, పారేయడమేంటమ్మా, నేనేమైనా వెర్రివాణ్ణా, ఆ బండెడు ఆకులో ఉన్న పస చుక్క పోకుండా ఈ అయిదు డబ్బీల్లోకి దించాను, అలాంటి నేర్పు ఈ రాజ్యంలో ఇంకొకడికి ఉంటే చూపించమన్నాడు.



అప్పుడు పైడమ్మ గొంతు లేచింది. అప్పటిదాకా అన్నా అన్నా అన్న పిల్ల! "మరి నా మామ తాగిన ఉసిరికాయలో ఎన్ని ఉసిరికాయల ఆకుందిరా? నూనె ఎక్కడిది? మొక్కది. పలుకు ఎక్కడిది? మొక్కది. మైనం ఎక్కడిది? మొక్కది. ముద్ద ఎక్కడిది? పొడిది. పొడి ఎక్కడిది? పూతది. ఎంత పూత? ఎంత ఆకు? బండెడు! అది నీ నోటితో నా గుమ్మంలో ఎందుకు చెప్పలేదు? ఎంత వెయ్యాలని అడిగానా లేదా? నేను అడిగానా లేదా?"

గవరయ్య మెల్లిగా గుమ్మం వైపు జరగబోయాడు, భటులు పట్టుకున్నారు. 

నరసమ్మకి ఏమైందో ఏమో, ముందుకొచ్చింది. ముద్ద కొన్నది తనేనని, గుమ్మంలో కోడలు అడగడం, వాడు అదే ఆకని చెప్పడం తన చెవులతో విన్నానని ఒప్పుకుంది. ఆలస్యంగానైనా ఒప్పుకుంది.

రాజేం చేశాడో తెలుసా? మెల్లిగా నడుముకున్న పట్టీలో చెయ్యి పెట్టి, చిన్న సీసా ఒకటి తీసి అందరి ముందూ పెట్టాడు. నూనె! నిద్ర పట్టడం లేదని ఆయనా కొన్నాడు. ఆ రాత్రే మొదలుపెడదామనుకున్నాడట. ఎంత వేసుకునేవాడు? ఇంకెంత!

డబ్బీలన్నీ తగలబెట్టమన్నాడు మంత్రి. పైడమ్మ నెత్తి కొట్టుకుని, బాబూ, ఆ పొగకి ఊరంతా స్తంభాలు పట్టుకుని ఏడుస్తుంది, లోతుగా గొయ్యి తవ్వి పూడ్చమంది. పూడ్చారు. గవరయ్యకి శిక్ష ఏంటంటే, సింహాద్రి లేచేదాకా పక్కన కూర్చుని విసనకర్రతో విసరాలి, వాంతులు ఎత్తాలి. ఆ తర్వాత కేకలు వేసిన ప్రతి వీధిలోనూ, అదే గొంతుతో, ఏ డబ్బీలో ఎంత ఆకు దించాడో అరిచి చెప్పాలి.

సింహాద్రి లేచాడు. లేస్తూనే గంజి అడిగాడు. గంజి తాగాక సంగతంతా విని, నా కోడల్ని అన్నది ఎవరే అని నరసమ్మ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే మనవణ్ణి ఎత్తుకుని వంటింట్లోకి జారుకుంది. ఆ రోజు నించి కోడలు నవ్వితే తనూ నవ్వేదట. ఆ ఊళ్ళో కొత్త కోడళ్ళకి నేర్పే మొదటి మాట కూడా మారింది. కాయంత, పండంత అని కాదు, కొత్తదేదైనా ఇంట్లోకి వస్తే, ఇది దేంట్లోంచి తీశారు, ఎంత దాంట్లోంచి తీశారు అని అడగమని. చెప్పనివాడి దగ్గర కొనొద్దని. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.

ఎవరది ఊ కొట్టింది? పండూ, నువ్వా? కీర్తి కళ్ళు మూసేసింది. పిల్లల గొంతు కాదే, బొంగురుగా ఉందే!

అయ్యో, మీరు మెలకువగానే ఉన్నారా? విన్నారా మరి? బస్టాండు పక్కన చేతిసంచీ వాడు మోకాళ్ళకని అమ్మిన సీసా ఇదిగో, నా కొంగు ముడిలో ఉంది. పేరు లేదు, ఊరు లేదు, ఆకుపసరే బాబాయ్, రాత్రి ఒక చెంచా తాగమన్నాడట. చెంచాడు! నేను చూడకపోతే ఈపాటికి మీ కాళ్ళు పొరుగూరు పోయి ఉండేవి, వెతుక్కోవడానికి నేను పోవాల్సి వచ్చేది.

మోకాళ్ళ నొప్పి నాకు తెలియదా? డాక్టరు దగ్గరికి సాయంత్రం పోదాం. పొద్దున్న మాత్రం ముందు బస్టాండుకి. వాణ్ణి ఒక్కటే అడుగుతాను, ఇందులో ఎంత ఆకు దించావురా అని. నీళ్ళు నమిలాడా, రోడ్డు దాటితే పోలీస్ స్టేషన్. వాడి మొహం నాకు తెలియదు, మీరే చూపించాలి. లేచి ఆ చెప్పులు గుమ్మం దగ్గర పెట్టుకోండి.